బొడ్డమ్మ ఆగిన రోజు

టెక్కలి
ఆదివారం

చిరంజీవి కూర్మనాథానికి మీ నాన్న దీవెనలు. ఇక్కడ నేనూ మీ అమ్మా తిని తిరుగుతున్నాం. బరంపురంలో నువ్వూ, కోడలూ, పిల్లలూ అలాగే ఉన్నారనుకుంటాను.

ముందు నా కడుపులో మాట. పాతికేళ్లు దాటింది, ఈ ఊళ్లో నన్ను నిద్రబోతు ఫైర్‌మన్ అంటున్నారు. పెళ్లి బంతిలో కూర్చుంటే చాలు, "సూర్యారావును లేపండ్రా, అన్నం వడ్డించాల" అని నవ్వుతారు. పరాయివాళ్లు కదా అని పడ్డాను. ఇప్పుడు నా కొడుకే నేను బొగ్గు వేసిన రైలింజను చరిత్ర రాస్తూ అదే మాట అచ్చు వేయబోతున్నాడు. నువ్వు పంపిన కాగితాలు జెకర్యా మాస్టారు చదివి వినిపించాడు. మిషను బడి పంతులు కదా, గట్టిగా చదువుతాడు. వీధంతా విన్నారు.

నువ్వు అడిగినవి చెబుతాను. ఇంజనుకు బొడ్డమ్మ అని పేరు పెట్టింది కంపెనీ కాదు, నౌపడ ఉప్పుమళ్ల ఆడవాళ్లు. గుండ్రంగా, పొట్టిగా ఉందని, అమ్మవారిలా కూత పెడుతుందని. మొదటి రంగు ఆకుపచ్చ. నల్లరంగు తరువాత వేశారు. నమ్మకపోతే పొగగొట్టం మొదట్లో గీకి చూడు. బొగ్గు రాని రోజుల్లో సరుగుడు కట్టె మోసేవాళ్లం. అది గభాలున మండి గభాలున ఆరిపోయేది, నడుం విరిగేది. ఇంజను ఇప్పుడు షెడ్డు వెనక పడి ఉంది, వేసవిలో ముక్కలు చేస్తారట. నేను అప్పుడప్పుడు వెళ్లి ఇరుసులకు నూనె రాసి వస్తున్నాను. ఎందుకని అడగకు. నంబరు రేకు ఊడదీసి ఇస్తామని షెడ్డువాళ్లు ఒప్పుకున్నారు. వచ్చి తీసుకుపో.

ఇక నీ పెద్ద ప్రశ్న. బొడ్డమ్మ నడిచిన మొదటి రోజు జనమంతా చూస్తుండగా బండి టెక్కలి ముందర ఎందుకు ఆగింది? ఫైర్‌మన్ కునుకు తీసి, బాయిలరులో నీళ్లు ఎక్కువ ఎక్కించాడని రాశావు. షెడ్డులో అందరూ అదే చెప్పారన్నావు. చెబుతారు. వాళ్లకు చెప్పింది నేనే.

మాస్టారు ఆ ముక్క చదవగానే మీ అమ్మ చేట పక్కకు విసిరింది.

"నా కడుపున పుట్టి ఏటి రాత్తన్నాడీ గుంటడు? ఆయన నిద్దరోనేదు. నాను దిట్టి తీసినాక నిద్దరెలాగొత్తాది?"

"బండికి దిష్టి తీశారా అమ్మా?" అన్నాడు మాస్టారు.

"తియ్యనా మరి? ఊరంతా దాన్నే సూత్తంటే! బండి కదలకముందల ఈయన ఆ పక్కన సక్రాలకి నూనె పోత్తన్నాడు. నీలతొట్టి మూత తీసుంది. మెట్టెక్కి ఉప్పూ మిరపకాయలూ అందులో పోసీసినాను."

"గుప్పెడా?"

"గుప్పెడు మడిసికి సాల్తాది మేస్టారూ. అంత ఇనప తల్లికి గుప్పెడేటి? తట్టెడు పోసినాను. అందుకే పేలిపోకుండా ఊరికే ఆగింది. నేకపోతే ఈయన దక్కునా?"

జెకర్యా మాస్టారు నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన కాగితం మడిచి, "ఎండ ముదిరిందమ్మా, వస్తాను" అని లేచాడు. మంచివాడు.

నేను చెబుతుంటే మీ అమ్మ వింటుంది, అందుకే ఈ ఉత్తరం ఆయన చేత రాయించలేదు. అక్షరాలు వంకరగా ఉన్నా నేనే కూడబలుక్కుని రాస్తున్నాను.

నాయనా, ఉప్పునీళ్లు కాగితే బాయిలరులో అన్నం గంజిలా పొంగుతాయి. ఆవిరితో పాటు నీళ్లు పొగగొట్టంలోంచి చిమ్మాయి, ఆవిరికి బలం చాలక బండి ఆగింది. పెదవి మీద పడ్డ చుక్క ఉప్పగా తగిలింది. బాయిలరుకు నీళ్లిచ్చే తొట్టి మూత ఎత్తితే తొడిమలు తీసిన ఎండుమిరపకాయలు తేలుతున్నాయి. ఎవరి పనో తెలియడానికి నాకు ఎంతసేపు? ముందురోజు మీ అమ్మ వాటి తొడిమలు నా ఎదుటే తీసింది. అన్నీ ఏరి పొయ్యిలో వేశాను. దారి మీదే కళ్లు పెట్టి నడిపిన డ్రైవరు అడిగితే, కునుకు పట్టింది, నీళ్లు ఎక్కువ వదిలాను అన్నాను; నీళ్లు ఎక్కువైనా అలాగే పొంగుతాయి. తొట్టి కడిగి నీళ్లు మార్చిందీ నేనే. నన్ను బొగ్గు మోసే పనిలోకి దింపారు. డ్రైవరు కావలసినవాడిని, కాలేదు.

ఎందుకు చెప్పలేదంటావా? మీ అమ్మ అప్పటికి డొంకూరు నుంచి కాపురానికి వచ్చి నెల కాలేదు. కొత్తకోడలు అడుగు పెట్టింది, అమ్మవారి బండి ఆగిపోయింది అనేవారు. మా అమ్మ సంగతి నీకు తెలియదు. ఆ రోజే పుట్టింటికి పంపేసేది. ఆ తరువాత మీ అమ్మ తన ఉప్పే నన్ను కాపాడిందని నా దగ్గర చెప్పుకోవడం మొదలుపెట్టింది. నేను నిద్రపోయానన్న వాళ్ల మీదికి చీపురు తీసుకుని వెళ్లేది. ఇక ఏం చెప్పను?

చరిత్రలో కారణం రాయకపోతే అది చరిత్ర కాదన్నావు. సరే, నిద్రపోయానని వెయ్యి. కొట్టెయ్యమని అడగను. ఉప్పు వల్ల ఆగిందన్న మాట మాత్రం ఆమె బతికున్నంత కాలం ఎక్కడా రాకూడదు. పుస్తకం చదివించుకుని మీ అమ్మ తిడుతుంది, పడు.

నాకు కావలసింది వేరు. నీ జవాబు మాస్టారు చదువుతాడు, మీ అమ్మ వింటుంది. అందులో "ఆ రోజు నాన్న మేలుకునే ఉన్నాడని నాకు తెలుసు" అని ఒక్క ముక్క రాయి. ఇన్నేళ్లలో నన్ను అలా అన్నది ఆమె ఒక్కతే. శివరాత్రి లోపు టపాలో రావాలి. రాకపోతే, నా నోటి నుంచి విన్నాక కూడా నమ్మలేదనే అనుకుంటాను.

ఇట్లు,
మీ నాన్న
సూర్యారావు