ఫారంలో రెండో గడి

అక్కా,

కడుపుమంట ఒక్కటి తప్ప నేను కులాసాగానే ఉన్నాను.

వరదలొస్తే దేశంలో ఏ ఇళ్లు తట్టుకుంటాయో, ఏవి కుదేలవుతాయో మార్కులేసి తేల్చడమే కదా నా ఉద్యోగం. ఇంటింటికీ పంపే ప్రశ్నల ఫారం బాగుందో లేదో చూద్దామని, మొదట మా ఆఫీసువాళ్ల చుట్టాలకే పంపాం. నీది తిరిగొచ్చి నా బల్ల మీదే పడింది. "ఇంట్లోకి నీళ్లొస్తే ఎవరింటికి వెళ్తారు?" అన్నచోట ముత్యాల్లాంటి అక్షరాలతో "మా ఆడపడుచు ఇంటికి" అని రాశావు. మా ఆఫీసరు చూసి, "ఈవిడకి మంచి అండ ఉందమ్మా, మార్కులు ధారాళంగా వెయ్యి" అన్నాడు. పళ్లు నూరుకుంటూ వేశాను.

మీ ఆడపడుచు ఇల్లు మీ వీధి చివర పల్లంలోనే కదే! మీ గుమ్మం దాటిన నీళ్లు ఆవిడ మొహం చూసి ఆగుతాయా? నాది మూడో అంతస్తు. ఉన్నది ఒక్క గడే, దగ్గరున్నవాళ్లను రాశానంటావు, నాకు తెలుసు. అందుకే "వాళ్లూ మునిగితే ఎవరింటికి?" అని ఇంకో గడి పెట్టించాను. ఆఫీసరు భేష్ అన్నాడు. నా కుళ్లు పుణ్యమా అని దేశమంతా ఒక గడి ఎక్కువ నింపబోతోంది.

బావగారి మోకాలు ఎలా ఉంది? పిల్లల సర్టిఫికెట్లు అటకెక్కించారా? నా ఆకుపచ్చ స్వెటరు కూడా ఆవిడకే ఇచ్చేశావా? ఉంటే పంపు.

పిల్లలకు ముద్దులు. ఆవిడకీ నమస్కారాలు చెప్పు, తప్పదుగా.

కొత్త ఫారం వెనకే వస్తోంది. మీ నలుగురికీ పరుపులు కొనేశాను. రెండో గడి ఖాళీగా పంపకు.

నీ చెల్లెలు