పరీక్ష కాని తుపాకీ

చిలకలూరిపేట,
12-2-2001.

ఎంత దూరాన ఉన్నా నా వారైన మీకు,

సాజిదా సలాములు. మీరు హైదరాబాదులో లేతు మిషన్ల షెడ్డులో పనికి చేరాక ఇవి మూడో మిరప కోతలు. తుపాకులు బాగుచేసే మన కొట్టు తలుపు తీస్తే ఇంకా నూనె వాసనే. మీరు లోపలే ఉన్నట్టనిపించి కాసేపు అక్కడే నిలబడిపోతాను. మిమ్మల్ని తలుచుకోని పూట లేదండీ.

ఇంత బెంగ పెట్టుకుని ఒక్కసారైనా రమ్మని ఎందుకు రాయలేదో ఇవాళ చెబుతాను. చెంచురామయ్యగారు ఎవరి దగ్గరో బేరమాడి కొని మన దగ్గర పరీక్షకు పెట్టిన ఆ పాత రెండు గొట్టాల తుపాకీ గుర్తుందిగా? మీరు శుక్రవారం నమాజుకు వెళుతూ, "సాయంత్రం లారీ టైరుకు కట్టి, మందు ఎక్కువ దట్టించిన బరువు తూటా పెట్టి, గోడ వెనక నుంచి తాడు లాగి పేల్చి చూడాలి. అప్పటిదాకా ఇవ్వొద్దు" అన్నారు. మీరటు వెళ్లగానే ఆయన వచ్చారు.

"పందులు చేనంతా తొక్కేస్తన్నాయమ్మా! పరీక్ష అయిందా?"

గొట్టాన్ని వెలుతురుకేసి పెట్టి చూశాను. లోపల అద్దంలా మెరిసింది. పదేళ్లు మీ పక్కన కూర్చున్నదాన్ని, నాకూ పని తెలుసని గొప్ప. "అయింది బాబాయ్, తీసుకెళ్లండి" అన్నాను. అమ్మినవాడెవడో తుప్పు గుంటలు కనపడకుండా అరగదీసి మెరుగు పెట్టాడని, అందుకే గొట్టం పలచబడిందని తర్వాత మీరు చెబుతుంటే విన్నాను. అప్పటికే అది పగిలి ఆయన ఎడమచేతి వేళ్లు రెండు పోయాయి.

పెద్దల ముందు మీరు, "తుపాకీ పెట్టిన బీరువాకు తాళం వెయ్యకపోవడం నా తప్పే" అన్నారు. ఆయనా నా పేరెత్తలేదు. నేను నోరు మూసుకున్నాను. మీరు కొట్టు మూసి వెళ్లిపోతుంటే సంచి సర్ది ఇచ్చానే గాని నిజం చెప్పలేదు. తిట్టడానికైనా ఒకసారి రండి.

మీ
సాజిదా

హైదరాబాదు,
19-2-2001.

సాజిదా,

నీ ఉత్తరం షెడ్డులో అందరి ముందే చదివి ఏడ్చాను. పిచ్చిదానా, నాకు ఆ రోజే తెలుసు. ఆసుపత్రి మంచం మీద చెంచురామయ్యగారే చెప్పారు. "ఆడకూతుర్ని పంచాయితీకి లాగొద్దురా అష్రఫూ, ఆ అమ్మాయే చెబుద్దిలే" అన్నారు.

నింద మోయడం నాకు బరువు కాలేదు. రోజూ అన్నం వడ్డిస్తూ, నా కళ్లలోకి చూస్తూ, నువ్వు ఆ మాట మింగేస్తుంటే మాత్రం ముద్ద దిగేది కాదు. అందుకే వచ్చేశాను. ఇక్కడ మాత్రం దిగుతోందా? నువ్వు లేని ఇల్లు ఇల్లా?

శనివారం బస్సుకు వస్తున్నాను. ముందు ఇద్దరం చెంచురామయ్యగారింటికి వెళదాం. నేను నీ పక్కనే కూర్చుంటాను. ఆ మాట మాత్రం నువ్వే చెప్పాలి.

నీ
అష్రఫ్