మానెయ్యని పరీక్ష

తిరువూరు,
శుక్రవారం.

హనుమయ్య బాబాయికి నమస్కారం.

మీకు ఇంకొకరు చెప్పేలోపు నేనే చెప్పాలని రాస్తున్నాను. మొన్న ఉద్యోగం కోసం రసూల్ గారి మామిడి షెడ్డుకి వెళ్ళినప్పుడు, "గ్రూప్స్ రాసేవాళ్ళు మాత్రం నాకొద్దమ్మా, సీజన్ మధ్యలో వదిలేసి పోతారు" అన్నారాయన. నేను నోరు తెరిచేలోపే మీరు, "మా అమ్మాయి అవన్నీ ఎప్పుడో మానేసిందండి" అనేశారు. నేనూ తలూపాను.

ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైంది. పదకొండు చోట్ల అడిగితే ఇదొక్కటే కుదిరేలా ఉంది. కానీ ప్రిలిమ్స్ పాసయ్యాను. వచ్చే నెల ఇరవై మూడున విజయవాడలో మెయిన్స్.

ఈ ఉదయం వెళ్ళి ఆయనకు ఉన్నదున్నట్టు చెప్పి, ఒక్కరోజు సెలవు అడిగాను.

"మీ బాబాయి గట్టివాడేనమ్మా!" అని నవ్వారు. తర్వాత, "మరి మధ్యలో ఫలితాలొస్తే?" అన్నారు.

"మీ సీజన్ జూన్‌కి అయిపోతుందండి. ఫలితాలు అంతకుముందు రావు."

రేపు చెప్తానన్నారు.

మీరు దయచేసి వెళ్ళి సర్దిచెప్పకండి. ఉద్యోగమిస్తే పరీక్ష ముందురోజు సాయంత్రం దాకా పనిచేసి చివరి బస్సు ఎక్కుతాను. ఇవ్వకపోతే ఆ ముందురోజు పొద్దున బస్సుకే వెళ్తాను.

మీ అన్నయ్య కూతురు