రెండో మందు చూపించిన మచ్చ

ప్రియమైన మీకు,

మీ ఉత్తరం శుక్రవారం అందింది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అత్తయ్య మోకాలు కాస్త దారికొచ్చింది. ఇప్పుడు మెట్లెక్కేటప్పుడు మిమ్మల్ని తిట్టడం మానేసి, ఆ మెట్లు కట్టినవాణ్ణి తిడుతున్నారు. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో క్రేన్ ఎక్కకుండా ఉంటున్నారా? మీరు కట్టే వంతెన నెల ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాదు.

వంటింటి కుళాయి సంగతి అడిగారు. ప్లంబర్ వచ్చి వాషర్ మార్చి వెళ్లాడు. నీళ్లు కారడం ఆగింది కానీ, ఇప్పుడు దాన్ని తిప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. మా బైండింగ్ షాపులో కాలేజీ లైబ్రరీ పుస్తకాలు గుట్టలుగా వచ్చి పడ్డాయి. ఓనరు నన్ను కుట్టు పని నుంచి తప్పించి అట్టలు అతికించే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఎందుకో కింద రాస్తాను.

ఫోన్‌లో ఏది అడిగినా మాట దాటేస్తున్నానని రాశారు. నిజమే. నా గొంతు వింటే మీరు ఇట్టే పట్టేస్తారు. అందుకే కాగితం తీసుకున్నాను.

మొదటి స్కాన్ శుభ్రంగా ఉందన్నాక రెండోది దేనికని కదా మీ ప్రశ్న. నా జబ్బులో మెదడు లోపల నరాల మీది పొర అక్కడక్కడా వాస్తుందని మీకు తెలుసు. స్కాన్ తీసేటప్పుడు చేతి నరంలోకి ఒక మందు ఎక్కిస్తే, కొత్తగా వాచిన చోటు ఫొటోలో తెల్లగా వెలుగుతుంది. పాత మచ్చలు వెలగవు. అలాంటి మందులు రెండున్నాయి. వాటిలో ఏది బాగా చూపిస్తుందో తేల్చుకోవడానికి ఆస్పత్రివాళ్లు ఒకే మనిషికి ముందు ఒకటి, కొన్ని రోజులాగి ఇంకొకటి ఇచ్చి ఫొటోలు తీస్తున్నారు. ఏది ఎప్పుడు ఎక్కించారో మాకూ చెప్పరు, ఫొటోలు చూసే డాక్టర్లకూ చెప్పరు. ఏటా తీయించుకునేదే కదా, నాలాంటి నలుగురికి పనికొస్తుందని ఒప్పుకున్నాను.

రెండోసారి అత్తయ్య తోడొచ్చారు. స్కాన్ తీసే టెక్నీషియన్ని నిలదీశారు.

"ఏది మంచిదో తెలియకుండానే ఎక్కిస్తున్నారా బాబూ? మా కోడలే దొరికిందా మీకు?"

"రెండూ మంచివేనమ్మా. చిన్న మచ్చని కూడా ఏది పట్టిస్తుందో చూస్తున్నాం, అంతే."

"మచ్చే లేకపోతే?"

"అంతకన్నా కావలసిందేముంది?" అని నవ్వాడు.

ఆ అబ్బాయి సరదా మనిషి. స్కాన్ గొట్టంలో పడుకున్నంతసేపూ మైకులో ఏదో ఒకటి మాట్లాడుతూ ధైర్యం చెబుతుంటాడు. మందు చేతిలోంచి చల్లగా పైకి పాకింది. నోట్లో ఇనుము నాకినట్టు అనిపించింది. యంత్రం దబదబా మోగింది. ఆ తరువాత మైకులో, "కదలకండమ్మా" అన్న మాట తప్ప ఇంకేమీ వినిపించలేదు. నేను బయటికొచ్చాక ఆ అబ్బాయి వంగి నా చెప్పులు దగ్గరికి జరిపి, "డాక్టరుగారు మాట్లాడతారు" అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

మన డాక్టరమ్మ రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చూపించింది. రెండోదాంట్లో బియ్యపు గింజంత మచ్చ తెల్లగా వెలుగుతోంది.

"మొదటిదాంట్లో ఏమీ లేదనుకున్నాం. ఇది చూశాక మళ్లీ వెతికితే అక్కడా లీలగా ఉంది" అంది.

"అంటే ఆ మందుకన్నా ఈ మందే మేలన్నమాట" అన్నారు అత్తయ్య.

"ఒక్కరిని చూసి చెప్పలేమమ్మా. ఈలోపు మచ్చే పెరిగి ఉండొచ్చు. అందరివీ చూశాకే తేలుతుంది. కానీ ఈమెకి జబ్బు మళ్లీ కదిలింది. అది మాత్రం ఖాయం."

నాకు ఆశ్చర్యం కలగలేదు. మొదటి స్కాన్‌కి ముందే ఒకరోజు షాపులో పుస్తకం కుడుతుంటే సూది ఎడమ వేలిలో దిగింది. నొప్పి తెలియలేదు. పేజీ మీద ఎర్రచుక్క కనిపించాకే వేలు చూసుకున్నాను. ఓనరు కుట్టు పని మాన్పించింది అందుకే. ఆ తరువాత ఫొటో శుభ్రంగా ఉందన్నారు. నా వేలు చెప్పింది పక్కనపెట్టి ఫొటో చెప్పిందే నమ్మాను. మీకు ఫోన్ చేసి శుభవార్త అన్నాను. అవతల మీరు ఫోన్ దూరంగా పెట్టుకున్నారు. మీరు ఏడుస్తున్నారని నాకు తెలుసు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని చివరి ప్రశ్న. ఏడాదిపాటు జబ్బు కదలకుండా ఉంటే బిడ్డ సంగతి ఆలోచిద్దామని డాక్టరమ్మ అంది కదా, ఇక ఆలోచిద్దామా అని అడిగారు. ఆ ఒక్క వాక్యం మిగతా ఉత్తరం కంటే చిన్న అక్షరాలతో రాశారు.

ఇప్పుడు వాడుతున్న మందు చాలదట. బలమైనది మొదలుపెట్టాలి. అది వాడినంతకాలం, ఆపాక కూడా కొన్నాళ్లు, బిడ్డ మాట తలపెట్టకూడదు. నాకు నలభై దగ్గర పడుతున్నాయి. లెక్క మీరే వేసుకోగలరు.

ఇదంతా ముందే రాసి, మీ జవాబు వచ్చేదాకా ఆగి ఉండాల్సింది. ఆగలేదు. సోమవారం మొదటి డోసు ఎక్కించుకున్నాను. మీరు ఒప్పుకోరని కాదు. "ఒక్క ఏడాది చూద్దామా?" అని మీరు అడిగితే కాదనే శక్తి నాకు లేదు. అలా ఆగితే రేపు నా చెయ్యో, కన్నో, నడకో పోతే జీవితాంతం మిమ్మల్ని మీరు క్షమించుకోలేరు. అందుకని ఈ నిర్ణయం నా ఒక్కదానిదే చేసుకున్నాను. మీకు కోపం వస్తే ఉన్నదున్నట్టు రాయండి. మీరు రాయకుండా ఊరుకుంటేనే నాకు భయం.

అత్తయ్యకి అన్నీ చెప్పాను. ఆస్పత్రి నుంచి వచ్చే దారిలో ఆటోలో నా ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లు ఒక్కొక్కటే నొక్కుతూ, "ఇది తెలుస్తోందా? పోనీ ఇది?" అని అడుగుతూ వచ్చారు. తెలియని వేలు దగ్గర కూడా తెలుస్తోందనే అన్నాను. ఆవిడ నమ్మలేదు. మనవడి ఊసు మాత్రం ఎత్తలేదు.

ఇంకొక్కటి చెప్పాలి. సోమవారం ఆ గదిలో నర్సు సూది గుచ్చి, సీసా తగిలించి, గొట్టానికున్న చక్రం తిప్పబోయింది. ఒక్క నిమిషం ఆగమన్నాను. కళ్లు మూసుకుని, పుట్టబోయే బిడ్డకని మనిద్దరం అనుకుని ఎవరికీ చెప్పకుండా దాచుకున్న పేరు ఒకసారి పైకే పిలిచాను. ఎలా వినిపిస్తుందో ఒక్కసారైనా తెలుసుకుందామని.

"ఎవరినమ్మా పిలుస్తున్నారు? బయట ఉన్నారా?" అంది నర్సు.

"లేదు, మా ఇంటి మనిషే. ఇక మీరు ఎక్కించండి" అన్నాను.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూసే
మీ భార్య