మస్తాన్ గారి పేపరుకి పదకొండు సైటేషన్లు

మస్తాన్ గారూ,

మీరు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. ఇది మీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

మన కాలేజీకి తనిఖీ బృందం వస్తోంది. ఎవరి పరిశోధన పేపరును ఎంతమంది తమ పేపర్లలో ప్రస్తావించారో లెక్క తీసే పని లైబ్రేరియన్‌ని కాబట్టి నా మెడకు చుట్టారు. మిరప రైతులకు ఫోన్‌లో ధరలు పంపే పద్ధతి మీద మీరు రాసిన పేపరుకి పదకొండు సైటేషన్లు ఉన్నాయి. సంబరపడి పదకొండూ తెరిచాను.

ఫోన్‌లో ధర తెలిసి రైతు బాగుపడ్డాడని మీరు తేల్చినట్టు అందరూ రాశారు. మొదట ఒకరు తప్పు రాస్తే, మిగతావాళ్లు మీ పేపరు తెరవకుండా అదే ఎత్తి రాసుకున్నారు. పొదిలి దగ్గర కల్లంలో మిరపకాయలు ఎండబెడుతూ రైతు బాషా గారు అన్న మాటనే కదా మీరు చివర్లో పెట్టింది! "ధర తెలిసి ఏం జేస్తాం సార్? మబ్బు పట్టిందంటే ఎంతకైనా తోలేయాల్సిందే."

నాకు ఒళ్లు మండి ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను.

"ఏమని రాశారో ఫారంలో అడగలేదమ్మా. పదకొండు వేసెయ్యండి" అన్నారు.

వేసేశాను.

మధ్యాహ్నం బాషా గారు ఫోన్ చేశారు. పోయినేడు కూడా ఇదే రోజున చేశారు.

"సార్ రాసింది ఎవరన్నా చదివారా అమ్మా?"

"పదకొండు మంది" అన్నాను.

"అంతమందే! అయితే మా సంగతి ఇప్పటికన్నా తెలిసుంటది. ఉంటానమ్మా, మబ్బు పట్టింది. కాయ కుప్పజేసి పట్టాలు కప్పాలి."