నా చెవికి గట్టిగానే ఉంది

అక్టోబరు 6
వేలు మేస్త్రీ ఇవాళ నా ముందే రెండు పిల్లర్లు సుత్తితో కొట్టాడు. ఒకటి గేటు పక్కది, ఒకటి మెట్ల కిందది. "సత్తం వేరే సార్. అది గట్టి, ఇది డొల్ల" అన్నాడు. నాకు రెండు శబ్దాలూ ఒకటే. మళ్లీ కొట్టమన్నాను. ఒకటే. అయినా తెలిసినట్టే తల ఊపాను.

ఆ ఇల్లు నా బావమరిది రామలింగానిది. కాలాపేటలో, సముద్రానికి కూతవేటు దూరంలో, మూడంతస్తులు. మనుషులు నిశ్చింతగా ఉండొచ్చని ఆగస్టులో సర్టిఫికెట్ ఇచ్చింది నేనే. పిల్లర్లన్నీ కొట్టి, విని, సంతకం పెట్టాను.

అక్టోబరు 7
ఇది తెలుగులో రాయడమే మేలు. ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, చదవడం మాత్రం ఎవరికీ రాదు. నా భార్య సరోజ కూడా అరవమే చదువుతుంది. నాకు అక్షరాలు దిద్దించింది విశాఖలో, నేవీలో ఉండగా, పక్క మంచం వాడు.

అక్టోబరు 9
చెవుల డాక్టరు. అద్దాల గదిలో కూర్చోబెట్టి చేతికి మీట ఇచ్చారు, శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కమని. ఇంకా మొదలుపెట్టలేదనుకుని కూర్చున్నాను. అయిపోయింది, బయటికి రండి అన్నారు.

"నేవీలో ఏం పని చేసేవారు?"

ఓడకు పట్టిన తుప్పు రాల్చే పని. పదిహేనేళ్లు. ఇనుప గదిలో నలుగురం, నాలుగు మిషను సుత్తులు, చెవుల్లో దూది. ఆమె గీతల కాగితం నా ముందు పెట్టింది. సన్నని శబ్దాలు రెండు చెవుల్లోనూ పోయాయట, అదీ ఎప్పుడో. మాటలు అందుతున్నాయి కనుక నాకు తెలియలేదట.

ఎప్పుడో అంటే ఎప్పుడు...

అక్టోబరు 10
నేవీ వదిలి ఇంజనీరింగు చదివాను గానీ, నమ్మకం మాత్రం సుత్తి మీదే. ముందు కొట్టు, తర్వాత కాగితం చూడు అనేవాడు ఓడలో మా పెద్దాయన. పిల్లరు లోపలి ఇనుప కమ్మి చూసే మిషను ఆరేళ్ల కింద కొని అటక మీద పెట్టాను. కుర్ర ఇంజనీర్లతో "మీకు మిషన్లు, మాకు చెవులు" అనేవాణ్ణి. సుత్తి సారు అని వెనకాల నవ్వుకునేవారు. అదీ గొప్పే అనుకున్నాను. ఇవాళ తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

మిషను దించాను. బ్యాటరీలు కారి లోపలంతా పచ్చగా పేరుకుపోయింది. పని చేయదు.

అక్టోబరు 12
వేలు చేత మెట్ల కింద పిల్లరు ఒక జానెడు పగలగొట్టించాను. బొటనవేలంత ఉండాల్సిన కమ్మి తుప్పు తిని చీపురు పుల్లంత ఉంది. చేత్తో వంచితే వంగింది.

రామలింగం పరుగున వచ్చాడు.

"ఏంది బావా ఇది. నువ్వే గదా బాగుండాది అన్నింది."

తప్పు చెప్పానన్నాను.

"అప్పుడు చెప్పింది తప్పా, ఇప్పుడు చెప్తా ఉండేది తప్పా? యాదాన్ని నమ్మేది?"

వాడి చోట నేనున్నా అదే అడుగుతాను. చెవుల సంగతి చెప్పాను. "నేను మాట్లాడేది ఇనపడతాండాది గదా నీకు" అన్నాడు. తర్వాత మెల్లగా, "వసంతను నీ మాట మీదనే ఈడ కాపరం పెట్టించినా బావా."

వసంత వాడి కూతురు. పెళ్లయి ఏడాది, రెండో అంతస్తు, ఇప్పుడు ఐదో నెల. నేను సెలవులో వచ్చినప్పుడల్లా నా భుజం దిగని పిల్ల.

అక్టోబరు 14
సర్టిఫికెట్ వెనక్కి తీసుకుంటున్నానని రాసి మునిసిపాలిటీ ఆఫీసుకు పట్టుకెళ్లాను. గుమస్తా రెండుసార్లు చదివాడు. ఇవ్వడానికి ఫారం ఉంది సార్, వెనక్కి తీసుకోవడానికి లేదే అన్నాడు. ఓనరు వచ్చి అడగాలట. నా కాగితం మీద ముద్ర మాత్రం వేశాడు. "వానలు పోనీండి, వచ్చి చూస్తాం."

వానల భయానికే కదా నేను వచ్చింది. చెప్పాను. గోడకు చెప్పినట్టే.

అక్టోబరు 16
నేనూ వేలూ సరుగుడు కర్రలు తీసుకెళ్లి మెట్ల కింద ఊతం నిలబెట్టాం. ఓడకు చిల్లి పడితే చేసే మొదటి పని అదే, దుంగలు బిగించి నిలబెట్టడం. చేతులు మరిచిపోలేదు. ఇన్ని రోజుల్లో ఇవాళే కడుపు నిండా తిన్నాను.

అక్టోబరు 18
కర్రలు లేవు. మోటారు సైకిళ్లు పెట్టుకోవడానికి అడ్డమని అద్దెకున్నవాళ్లే పీకేశారు. మేడ మీద వాటికి తాడు కట్టి బట్టలు ఆరేశారు. పగలగొట్టిన చోట సిమెంటు పూసి, పైన పసుపు రంగు. రామలింగం పనే. ఎంత నున్నగా ఉందంటే, చూస్తే నాకే ముచ్చటేసింది.

అక్టోబరు 19
వసంతను మా ఇంటికి వచ్చేయమన్నాను. "నేను వచ్చేస్తే మిగతావాళ్లు ఏమనుకుంటారు మామా. నాయన ఇల్లు గదా."

కింది వాటాలో చేపలమ్మే ధనమ్మనూ అడిగాను. "ఈ వానలో యాడికి పొయ్యేది సారూ. నువ్వే ఒక ఇల్లు సూపియ్యి, ఈ పొద్దే పోతా." చూపించడానికి నా దగ్గర ఇల్లు లేదు.

ఇంటికొస్తే సరోజ: "మా తమ్ముడి ఇల్లు పడిపోతాదని ఊరంతా చెప్తా తిరగతాండావంట." అన్నం పెట్టింది. ఎదురుగా కూర్చోలేదు.

అక్టోబరు 21
సుత్తితో చూసి సంతకం పెట్టిన ఇళ్లన్నీ రాద్దామని కూర్చున్నాను. బాహూరులో పెళ్లి మండపం. కిరుమాంబాక్కం రోడ్డు మీద మేడ కట్టిన కొట్లు, మూడు. ఆ పక్కనే... కలం పెట్టేశాను. భయం వేసింది.

అక్టోబరు 23
వాన పట్టుకుంది.

అక్టోబరు 24
అదే వాన. వేలు ఊళ్లో లేడు, ఫోను కలవడం లేదు.

అక్టోబరు 25
పొద్దున్నే వసంత ఫోను. "మెట్ల కింద పెచ్చులు రాలతాండాయి మామా. నువ్వు రా." మూడుసార్లు చెప్పించుకున్నాను.

వెళ్లేసరికి అందరూ మెట్ల దగ్గరే ఉన్నారు. రామలింగం కూడా. ఇక కదులుతారు అనుకున్నాను, నిజంగానే. లోపల ఒక పక్క సంతోషం కూడా వేసింది.

వసంత సుత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వే ఒకసారి కొట్టి సూడు మామా. నువ్వు సరేనంటే సరే."

వద్దన్నాను. నా చెవులకు తెలియదన్నాను. ఎవరూ కదల్లేదు. అందరి కళ్లూ నా మీదే. రామలింగం చేతులు జోడించాడు. నాకన్నా చిన్నవాడు, ఎప్పుడూ అలా చేయలేదు.

కొట్టాను. ఇన్నాళ్లూ విన్న శబ్దమే. ఏ లోపమూ లేని పిల్లరు ఎలా పలకాలో అలాగే పలికింది.

"నాకు పిల్లరు గట్టిగానే ఉండేట్టు ఇనపడతాది, నా చెవే మంచిది కాదు, నమ్మొద్దండి" అన్నాను. 'గట్టిగానే' అన్న మాట దాకా విన్నారు. మిగతాది చెప్పేలోపు ధనమ్మ చేపల గంప ఎత్తుకుంది. రామలింగం నా చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ చెప్పాను, అరిచి చెప్పాను. సరేలే బావా, నువ్వు చానా బయపడినావు అన్నాడు. వసంత మెట్లెక్కుతూ, "కాపి పెడతా, పైకి రా మామా."

వచ్చాను. ఇది వసంత వంటింట్లో కూర్చుని రాస్తున్నాను. సరోజకు ఫోను చేసి చెప్పాను, ఇవాళ రానని. ఎందుకని అడిగింది. వీళ్లు దిగేదాకా నేనూ దిగను అన్నాను. అవతలి నుంచి ఏదో అంది, అందలేదు. వాన తగ్గలేదు.