కట్టమ్మ సాక్ష్యం

మార్చి 4, మంగళవారం

ఈరోజు మా చర్చి టీమ్ మళ్ళీ కట్టమ్మ వాళ్ళ ఊరికి వెళ్ళింది. పాస్టర్ గారు, నేను, డ్రైవర్. మా బండి కనిపిస్తే సగం ఇళ్ళ తలుపులు మూసుకుంటాయి. కట్టమ్మ ఒక్కతే మంచం వాల్చి కూర్చోమంటుంది. ఆమెకు మోకాళ్ళు పట్టేస్తే పోయిన నెల ప్రార్థన చేశాం. ఇప్పుడు మిర్చి ఏరడానికి పోతున్నది.

ఎంత వరకు చదివినవ్ బిడ్డా అని అడిగింది. డిగ్రీ అన్నాను. మా ఇంట్లో బడికి పోయింది నేనే మొదలని, మా అమ్మ ఎనుమాముల మార్కెట్లో మిర్చి తొడిమెలు తీస్తదని చెప్పాను. గందుకే నీ చేతులు ఇంత మెత్తగున్నయి అని నవ్వింది.

ఆదివారం వాళ్ళ ఊర్లోనే మీటింగ్. సాక్ష్యం చెప్తావా పెద్దమ్మా అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది. అందరి ముంగటనా అన్నది. అవును, జరిగింది జరిగినట్టు చెప్తే చాలు, దేవుడు పక్కన ఉంటాడు అన్నాను. సరే చెప్త అన్నది.

ఈ ఊర్లో ఇదే మొదటి సాక్ష్యం. చాలా హ్యాపీగా ఉంది.

మార్చి 5

ఎవరో ఫోన్ చేశారు. కట్టమ్మతోని సాక్ష్యం చెప్పిస్తాంది నువ్వేనా అని అడిగి కట్ చేశారు.

మార్చి 6, గురువారం

మీటింగ్ కరపత్రాలు పంచడానికి ఒక్కదాన్నే బస్సులో వెళ్ళాను. హరికృష్ణ అనే ఆయన బైక్ ఆపాడు. అక్కడి మక్కజొన్న చేన్లు చాలావరకు ఆయనవే. ఏ వకీలును పెట్టిన్రు చెల్లె అన్నాడు. వకీలు ఎందుకన్నా, ప్రార్థన మీటింగే కదా అన్నాను. ప్రార్థనలు చేసుకోండ్రి, నాకేం ఫికర్ లేదు, సాక్ష్యాలు మాత్రం మా ఊర్ల వద్దు అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. మీ అమ్మ మార్కెట్ల పని చేస్తదట గద అని కూడా అన్నాడు.

ఆ మాట చెప్తే కట్టమ్మ నన్ను వాళ్ళ పెరట్లోకి తీసుకెళ్ళి అంతా చెప్పింది. జనవరిలో రాయమల్లు అనే కూలీ హరికృష్ణ చేన్లో చనిపోయాడు. గుండె ఆగిందని ఊరంతా అనుకున్నారు. నిజానికి అడవి పందుల కోసం చేను చుట్టూ కట్టిన కరెంటు తీగ తగిలి పోయాడు. తెల్లారి హరికృష్ణ ఆ తీగ విప్పి చుట్ట చుడుతుంటే కట్టమ్మ చూసింది. ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు.

మాకు సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం. ఆమెకు సాక్ష్యమంటే కేసు. ఊరికీ అంతే. చిన్నప్పటి నుంచి చర్చిలో వింటున్న మాట. ఇంకోలా వినిపిస్తుందని నాకు తట్టనే లేదు.

మార్చి 7

పాస్టర్ గారు సాక్ష్యాలు తీసేద్దాం అన్నారు. ఊర్లలో తగాదాలు పెడుతున్నామని ఇప్పటికే అంటున్నారట. గొడవైతే చుట్టుపక్కల ఏ ఊరికీ పోలేమట. తప్పని అనలేకపోయాను.

కట్టమ్మకు విడమరిచి చెప్పాను. మోకాళ్ళ నొప్పి తగ్గిన సంగతి చెప్పమన్నాను పెద్దమ్మా, అంతే. ఆమె నన్ను వింతగా చూసింది. అంటే మీ దేవునికి నా మోకాళ్ళ ముచ్చటే కావాల్నా, రాయమల్లు ముచ్చట వద్దా అన్నది.

రాయమల్లు భార్య వినోదకు అప్పటికే చెప్పేసిందట. ఇన్ని దినాల సంది గొంతుల ముద్ద దిగలే, చెప్తనన్నంక దిగింది అన్నది.

మార్చి 8

పొద్దున కట్టమ్మ గడప ముందు ఎవరో ఒక తీగ చుట్ట పెట్టి పోయారు. ఆమె దాన్ని రెండు గుంజలకు కట్టి చీర ఆరేసింది. మంచి తీగ, పుణ్యానికి వచ్చింది అన్నది. నేను దాని కింద నుంచి వంగి కూడా పోలేకపోయాను.

ఇంటికొస్తే అమ్మ అడిగింది. మార్కెట్లో ఎవరో, నీ బిడ్డ ఏ దారిన వస్తది పోతది అని అడిగారట. ఏం చేసినవే అన్నది. ఏం లేదన్నాను.

మార్చి 9, ఆదివారం

హరికృష్ణ నలుగురితో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. పాస్టర్ గారు సాక్ష్యాల మాట ఎత్తకుండానే చివరి పాట పాడమన్నారు. కట్టమ్మ లేచి వచ్చి నా ముందు చెయ్యి చాపింది. మైకు నా దగ్గర ఉంది.

ఇచ్చాను.

సాయంత్రం

టీమ్ బండి వెళ్ళిపోయింది. నేను, వినోద కట్టమ్మ ఇంట్లో ఉన్నాం. పోలీసులకు ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు. నేను చెప్పింది విన్నవ్ గద, ఇగ నువ్వు గూడ సాక్ష్యమే అన్నది కట్టమ్మ.

బయట బండ్లు ఆగాయి. జీపు కాదు, బైకులు. పొయ్యి దగ్గర నుంచే ఆమె, ఎంతమంది వచ్చిన్రో చూడు బిడ్డా, చాయ్ సరిపోతదో లేదో అంటున్నది.